స్పోర్ట్స్ ఫిజియో కావాలంటే ఆట మీద ఇష్టం ఉంటే చాలా?

మీరు మూడు విషయాలు అడిగారు. స్పోర్ట్స్ ఫిజియోథెరపిస్ట్ కావాలంటే స్వయంగా ఆటగాడై ఉండాలా? ఏం చదవాలి, శిక్షణ ఎలా ఉంటుంది? చాలా ఏళ్లుగా ఈ పనిలో ఉన్నవాళ్లు దీన్ని ఎందుకు ఎంచుకున్నారు? మూడో ప్రశ్నకు జవాబు తెలిస్తే మిగతా రెండూ తేలిగ్గా అర్థమవుతాయి. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లలో ఎక్కువమంది చిన్నప్పటి నుంచి ఏదో ఒక ఆట ఆడినవాళ్లే. అందులో చాలామంది గాయం వల్ల ఆటకు దూరమైనవాళ్లు. నేనూ ఆ దారిలోనే వచ్చాను. విద్యార్థిగా ఉన్నప్పుడు పరుగు పందేల్లో పాల్గొనేదాన్ని. పిక్క కండరాన్ని మడమ ఎముకకు కలిపే అకిలిస్ టెండన్‌లో నొప్పి మొదలైంది. విశ్రాంతి తీసుకుంటే తగ్గేది, పరుగు మొదలుపెట్టగానే మళ్లీ వచ్చేది. చివరికి నన్ను చూసిన ఫిజియో విశ్రాంతి తీసుకోమనలేదు. మెట్టు అంచున కాలి ముందు భాగం ఆనించి, మడమను నెమ్మదిగా కిందికి దించమన్నారు. కాస్త నొప్పి ఉన్నా ఆపొద్దన్నారు. కొన్ని వారాల తర్వాత వీపుకు బరువు తగిలించి అదే పని చేయించారు. నొప్పి తగ్గింది. తగ్గినందుకు సంతోషించాను గానీ, నొప్పి పెడుతున్న చోటే బరువు మోపితే ఎందుకు తగ్గిందన్న ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. ఆ ప్రశ్నే నన్ను ఈ చదువుకు తీసుకొచ్చింది.

దీని వెనక ఉన్న కథ నాకు తర్వాత తెలిసింది. స్వీడన్‌కు చెందిన హోకన్ ఆల్‌ఫ్రెడ్‌సన్ అనే ఆర్థోపెడిక్ వైద్యుడికి కూడా ఇదే నొప్పి ఉండేది. ఆపరేషన్ చేయించుకోవాలనుకుంటే పై అధికారి ఒప్పుకోలేదట. టెండన్ తెగిపోతే ఆపరేషన్ చేయక తప్పదు కదా అని, నొప్పి వచ్చే వ్యాయామాన్నే పట్టుదలగా చేశారట. తెగలేదు సరికదా, నయమైంది. 1998లో ఆయన బృందం 15 మంది మీద ఈ పద్ధతిని పరీక్షించి ఫలితాలు ప్రచురించింది. మోకాలు నిటారుగా ఉంచి ఒకసారి, కాస్త వంచి ఒకసారి, ఒక్కోదాన్ని 15 చొప్పున మూడు విడతలు, రోజుకు రెండు పూటలు, 12 వారాలు. లెక్కేస్తే రోజుకు 180 సార్లు. ఆ 15 మందీ మళ్లీ పరుగెత్తగలిగారు. తర్వాత వచ్చిన పరిశోధనల్లో, వారానికి మూడుసార్లు పెద్ద బరువుతో నెమ్మదిగా చేసినా ఇంచుమించు అంతే ఫలితం వస్తుందని తేలింది. అంటే వ్యాయామం ఫలానా రకంగానే ఉండాలని లేదు. టెండన్ మోయగలిగినంత బరువును క్రమంగా పెంచుకుంటూ పోవడమే అసలు సంగతి.

స్పోర్ట్స్ ఫిజియో పని మొత్తం ఇదే అని నా అభిప్రాయం. ఈ మనిషి, ఈ కండరం, ఈ కీలు ఈరోజు ఎంత భారం మోయగలవు, వచ్చే వారం ఎంత మోయగలవు అని అంచనా వేస్తూ నెలల తరబడి వెంట నడవడం. టేపులు వేయడం, మసాజ్ చేయడం, మైదానంలోకి బ్యాగుతో పరుగెత్తడం టీవీలో కనిపించే భాగం. అది ఈ పనిలో చిన్న ముక్క. మీకు పెద్ద ఆటగాళ్లకు దగ్గరగా ఉండాలన్న ఆశ మాత్రమే ఉంటే, రెండేళ్లలో విసుగు వస్తుంది. గాయపడ్డ శరీరం ఎలా కోలుకుంటుందన్న కుతూహలం ఉంటే చాలాకాలం నిలబడతారు.

కాబట్టి ఆటగాడై ఉండాలా అన్నదానికి జవాబు: అక్కర్లేదు. ఆడినవాళ్లకు ఒక సౌకర్యం ఉంటుంది. సీజన్ మధ్యలో పక్కన కూర్చోవడం ఎంత కష్టమో వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. కానీ అదే అనుభవం అడ్డం కూడా పడుతుంది. తనకు పనిచేసిన చికిత్సే అందరికీ పనిచేస్తుందని నమ్మేవాళ్లను చాలామందిని చూశాను. ఎప్పుడూ పోటీల్లో ఆడని ఫిజియోలు ఆటను శ్రద్ధగా గమనించి, ప్రశ్నలు అడిగి, వీడియోలు చూసి, ఆ ఆటలో ఏ కీలు మీద ఎప్పుడు ఎంత ఒత్తిడి పడుతుందో నేర్చుకుని అద్భుతంగా పనిచేస్తున్నారు.

ఇక చదువు. దేశాన్ని బట్టి మారుతుంది. చాలాచోట్ల ఫిజియోథెరపీలో మూడు నుంచి ఐదేళ్ల డిగ్రీ, ఆ తర్వాత స్పోర్ట్స్‌లో మాస్టర్స్. అమెరికాలో మామూలు డిగ్రీ అయ్యాక దాదాపు మూడేళ్ల డాక్టర్ ఆఫ్ ఫిజికల్ థెరపీ, తర్వాత లైసెన్స్ పరీక్ష. అక్కడ స్పోర్ట్స్ స్పెషలిస్ట్ అనిపించుకోవాలంటే ఆ రంగంలో రెసిడెన్సీ (పర్యవేక్షణలో చేసే ప్రత్యేక శిక్షణ) గానీ, 2,000 గంటలు నేరుగా పేషెంట్లతో పనిచేసిన అనుభవం గానీ చూపించి బోర్డు పరీక్ష రాయాలి. అత్యవసర వైద్య సహాయంలో శిక్షణ పొందినట్టు కూడా చూపించాలి. ఎక్కడ చదివినా వరస మాత్రం ఒకటే: ముందు అందరిలాంటి ఫిజియో, ఆ తర్వాతే స్పోర్ట్స్ ఫిజియో.

ఈ వరస నచ్చని విద్యార్థులు చాలామంది. "నేను ఆటగాళ్లతో పనిచేస్తాను, పక్షవాతం వార్డులో, గుండె ఆపరేషన్ల వార్డులో నాకేం పని?" అని అడుగుతుంటారు. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మంచి ఫిజియోకీ మామూలు ఫిజియోకీ తేడా ఇక్కడే వస్తుందని నమ్ముతాను.

మొదటిది, ఈ వృత్తి ఆటల కోసం పుట్టలేదు. 1894లో లండన్‌లో నలుగురు నర్సులు కలిసి మసాజ్ చేసేవాళ్ల కోసం పెట్టుకున్న సంఘమే తర్వాత బ్రిటన్‌లో ఫిజియోథెరపిస్టుల సంస్థ అయింది. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడ్డ సైనికులను మళ్లీ నడిపించిన మహిళలతో అమెరికాలో ఇది వృత్తిగా నిలదొక్కుకుంది. వాళ్లలో ఒకరైన మేరీ మెక్‌మిలన్ 1921లో ఏర్పడ్డ అమెరికన్ సంఘానికి మొదటి అధ్యక్షురాలు. పోలియో వల్ల కాళ్లు చచ్చుబడ్డవాళ్లతోనూ ఫిజియోలు పనిచేశారు. ఇప్పుడు మనం ఆటగాళ్ల మీద వాడే చాలా పద్ధతులు అలాంటి పేషెంట్ల దగ్గర నేర్చుకున్నవే.

రెండోది, శరీరం విభాగాలుగా ఉండదు. మోకాలి ఆపరేషన్ అయిన ఫుట్‌బాల్ ఆటగాడిని తొడ ముందు కండరం బిగించమంటే ఒక్కోసారి అది కదలదు. కండరం బాగానే ఉంటుంది, నరమూ బాగానే ఉంటుంది. కీలులో వాపు ఉన్నంతకాలం నాడీవ్యవస్థ ఆ కండరాన్ని అణచిపెట్టి ఉంచుతుంది. ఇది తెలియని ఫిజియో "నువ్వు సరిగా ప్రయత్నించడం లేదు" అంటారు. తెలిసినవాళ్లు ముందు వాపు తగ్గిస్తారు, కరెంటు ప్రేరణతో కండరాన్ని మేల్కొలుపుతారు. పక్షవాతం వచ్చినవాళ్లకు నడక తిరిగి నేర్పించిన విద్యార్థికి ఈ సంగతి పుస్తకం చూడకుండానే తడుతుంది.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. ఆటగాడి నొప్పి ప్రతిసారీ ఆట వల్ల వచ్చిందే కాదు. టీనేజీ పిల్లవాడు మోకాలి నొప్పితో వస్తాడు. తల్లిదండ్రులు మ్యాచ్‌లో పడ్డాడంటారు. కానీ రాత్రి నిద్రలో కూడా నొప్పి, విశ్రాంతికి తగ్గడం లేదు, రోజురోజుకీ పెరుగుతోంది. ఎముక క్యాన్సర్ ఆ వయసులో మోకాలి చుట్టూనే ఎక్కువగా వస్తుంది. పిక్క నొప్పితో వచ్చిన క్రీడాకారిణి ఈమధ్యే చాలా దూరం విమాన ప్రయాణం చేసి ఉంటే, కాలు ఒకవైపే ఉబ్బి ఉంటే, అది కండరం పట్టేయడం కాకుండా సిరలో రక్తం గడ్డకట్టడం కావచ్చు. దూరం పరుగెత్తే అమ్మాయికి మళ్లీ మళ్లీ ఎముకల్లో సన్నటి పగుళ్లు వస్తుంటే బూట్ల గురించే కాదు, నెలసరి సరిగా వస్తోందా, తిండి సరిపోతోందా అని అడగాలి. ఖర్చయ్యే శక్తికి తగ్గ ఆహారం లేకపోతే ఎముకలు, హార్మోన్లు, రోగనిరోధక శక్తి అన్నీ దెబ్బతింటాయని ఒలింపిక్ కమిటీ వైద్య నిపుణులు 2014లో ప్రత్యేకంగా ఒక ప్రకటనే చేశారు. ఇలాంటివి పసిగట్టి సమయానికి డాక్టర్ దగ్గరికి పంపడం వ్యాయామాలు నేర్పించడం కంటే పెద్ద బాధ్యత. ఆ చూపు వచ్చేది జనరల్ వార్డుల్లోనే.

మైదానం పక్కన పనిచేసే శిక్షణ వేరే రకం. అక్కడ ఆలోచించడానికి నిమిషాలు ఉండవు. చీలమండ మెలిపడితే ఎక్స్‌రే కావాలా వద్దా అని నిర్ణయించడానికి 1992లో కెనడాలో తయారైన ఒట్టావా నియమాలు ఉన్నాయి. కొన్ని నిర్దిష్టమైన చోట్ల ఎముకను నొక్కితే నొప్పి ఉందా, నాలుగడుగులు వేయగలరా అన్నవే ప్రధానంగా చూస్తారు. తలకు దెబ్బ తగిలి కంకషన్ (ఆ దెబ్బకు మెదడు పనితీరు దెబ్బతినడం) అని అనుమానం వచ్చినా ఆటగాడు ఆ రోజు మళ్లీ ఆడకూడదు, ఎంత బతిమాలినా సరే. ఇక గుండె ఆగిపోవడం. 2021 జూన్ 12న యూరో కప్‌లో ఫిన్లండ్‌తో మ్యాచ్ మధ్యలో డెన్మార్క్ ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్సన్ కుప్పకూలిపోయారు. మైదానంలోనే ఛాతీ మీద నొక్కడం, డీఫిబ్రిలేటర్ అనే మిషన్‌తో గుండెకు షాక్ ఇవ్వడం జరిగాయి. బతికారు, తర్వాత మళ్లీ ఆడారు కూడా. అది అదృష్టం అనుకునేవాళ్లు ఉన్నారు. డీఫిబ్రిలేటర్ ఎక్కడుందో, ఎవరు ఏం చేయాలో ముందే అనుకుని, సాధన చేసి ఉన్న బృందానికే అలాంటి అదృష్టం దక్కుతుంది. మీరు ఏ జట్టులో చేరినా మొదటిరోజు అడగాల్సింది ఆ మిషన్ ఎక్కడుందని.

శిక్షణలో ఎవరూ సరిగా నేర్పని భాగం ఒకటుంది, అది ఓపిక. మోకాలిలో ఎముకలను కలిపి ఉంచే ఏసీఎల్ లిగమెంట్ తెగడాన్నే ఉదాహరణగా తీసుకుంటాను. ఆపరేషన్ తర్వాత మొదటి వారాల్లో వాపు తగ్గించడం, మోకాలు పూర్తిగా నిటారుగా చాపగలిగేలా చేయడం, తొడ కండరాన్ని మేల్కొలపడం. అప్పుడు రోజురోజుకీ మార్పు కనిపిస్తుంది, పేషెంటు ఉత్సాహంగా ఉంటారు. తర్వాత బరువులు. అన్నీ సరిగా ఉంటే మూడు నాలుగు నెలలకు మెల్లగా పరుగు. సరిగ్గా ఇక్కడే కష్టం మొదలవుతుంది. నొప్పి ఉండదు, నడక మామూలైపోతుంది, చూసినవాళ్లంతా "బాగైపోయావుగా" అంటారు. కానీ తొడ కండరం బలం ఇంకా రెండోకాలితో సమానంగా ఉండదు, ఆపరేషన్‌లో పెట్టిన కొత్త లిగమెంట్ ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండదు. వారాల తరబడి అవే స్క్వాట్లు, అవే లెగ్ ప్రెస్‌లు. ఆటగాడు విసిగిపోతాడు, కోపం మన మీద చూపిస్తాడు, ఒక్కోసారి చెప్పకుండా వెళ్లి ఆడేస్తాడు.

అప్పుడు మన దగ్గర ఉండాల్సినవి రెండు. ఒకటి ఆధారం. 2016లో వచ్చిన ఒక నార్వే, అమెరికా ఉమ్మడి అధ్యయనంలో, తొమ్మిది నెలల వరకూ ఆటలోకి తిరిగి వెళ్లడాన్ని ఒక్కో నెల ఆలస్యం చేసినకొద్దీ మళ్లీ మోకాలికి గాయమయ్యే రేటు 51 శాతం తగ్గిందని తేలింది. తొడ కండరాల బలం రెండు కాళ్లకూ దగ్గరదగ్గరగా ఉన్నవాళ్లకు ప్రమాదం ఇంకా తక్కువ. అదే ఏడాది వచ్చిన మరో సమీక్షలో, 25 ఏళ్లలోపు వయసుండి ఆటలోకి తిరిగి వెళ్లినవాళ్లలో దాదాపు 23 శాతం మందికి అదే మోకాలికో, రెండోదానికో మళ్లీ ఏసీఎల్ గాయం అయిందని లెక్క తేలింది. ఈ అంకెలను భయపెట్టడానికి వాడకూడదు. ఆటగాడి పక్కన కూర్చుని, అతని సొంత పరీక్షల ఫలితాలతో కలిపి చూపిస్తే, ఎందుకు ఆగాలో అతనికే అర్థమవుతుంది.

రెండోది వినడం. ఆపరేషన్ బాగా జరిగినా, బలం తిరిగొచ్చినా, పోటీ ఆటల్లోకి తిరిగి చేరేవాళ్లు 55 శాతమేనని 2014 నాటి ఒక పెద్ద సమీక్ష చెప్పింది. మిగతావాళ్లందరి మోకాళ్లూ బాగుపడలేదని దానర్థం కాదు. చాలామందిని ఆపేది భయం. గాయమైన క్షణంలో విన్న ఆ శబ్దం, మోకాలు పక్కకు జారిన ఆ అనుభూతి వాళ్ల మనసులోంచి పోవు. దూకి ఒంటికాలిపై దిగమంటే శరీరం సిద్ధంగానే ఉంటుంది, మనిషి వెనకాడతాడు. దాన్ని బలహీనత అనుకుని నెట్టే ఫిజియో ఆ ఆటగాడిని పోగొట్టుకుంటారు. చిన్న ఎత్తు నుంచి, తెలిసిన దిశలో, ఎవరూ అడ్డురాని చోట మొదలుపెట్టి, ఒక్కొక్కటిగా అనిశ్చితిని పెంచుకుంటూ తీసుకెళ్లాలి. అవసరమైతే స్పోర్ట్స్ సైకాలజిస్ట్ సాయం తీసుకోవాలి. నేను ఈ పనిలో ఇన్నేళ్లు ఉండటానికి కారణం చెప్పమంటే ఇదే చెబుతాను. దూకడానికి భయపడ్డ మనిషి ఒకరోజు ఆలోచించకుండానే దూకి, బంతి వెనక పరుగెత్తి, తను ఏం చేసిందో కూడా గమనించదు. గమనించేది నేను ఒక్కదాన్నే. అంత తృప్తి నాకు పెద్ద టోర్నమెంట్లలో కూడా దొరకలేదు.

చదువుకుంటూనే ఉండాలన్న మాట అందరూ అంటారు, ఈ రంగంలో దానికి చాలా నిర్దిష్టమైన అర్థం ఉంది. గాయమైన వెంటనే విశ్రాంతి, ఐస్, కట్టు, కాలు ఎత్తిపెట్టడం అనే సూత్రాన్ని 1978లో ప్రచారంలోకి తెచ్చిన డాక్టర్ గేబ్ మిర్కిన్ స్వయంగా, ఐస్, పూర్తి విశ్రాంతి కోలుకోవడాన్ని ఆలస్యం చేయవచ్చని 2014లో రాశారు. తన పేరు మోసిన మాటను తానే సరిదిద్దుకోగలగడం నాకు గొప్పగా అనిపిస్తుంది. మీరు కాలేజీలో నేర్చుకున్నవాటిలో కొన్ని మీ కెరీర్‌లోనే మారిపోతాయి. అందుకని కొత్త టెక్నిక్ సర్టిఫికెట్ల కోసం పరుగెత్తే ముందు, ఒక పరిశోధనా పత్రాన్ని చదివి ఎంతవరకు నమ్మొచ్చో తేల్చుకోవడం నేర్చుకోండి. వారాంతపు కోర్సుల్లో అమ్మే చాలా టెక్నిక్‌ల వెనక గట్టి ఆధారం లేదు.

చప్పట్లు రాని పని గురించి కూడా చెప్పాలి. ఫిఫా ప్రోత్సహించే 11 ప్లస్ అనే వార్మప్ కార్యక్రమం ఉంది. ఇరవై నిమిషాలు పడుతుంది. వారానికి రెండు మూడుసార్లు క్రమం తప్పకుండా చేసే ఫుట్‌బాల్ జట్లలో గాయాలు మూడోవంతు దాకా తగ్గినట్టు అధ్యయనాలు చూపించాయి. మోకాళ్ల మీద కూర్చుని, పాదాలను ఎవరైనా పట్టుకుంటే నెమ్మదిగా ముందుకు వాలే నార్డిక్ వ్యాయామం ఉన్న కార్యక్రమాలు తొడ వెనక కండరాల గాయాలను దాదాపు సగానికి తగ్గిస్తాయని 2019లో వచ్చిన సమీక్ష చెప్పింది. అయినా కోచ్‌లను ఒప్పించడం కష్టం. జరగని గాయం ఎవరికీ కనిపించదు. ఫిజియోల్లో కోచ్‌తో మాట్లాడటం తెలిసినవాళ్లు ఎంతోమంది ఆటగాళ్లను కాపాడతారు, వాళ్ల పేరు ఎక్కడా రాదు.

ఒత్తిళ్ల గురించి దాచకుండా చెబుతాను. ఫైనల్ ముందు కోచ్ "ఆడగలడా లేదా" అని ఒక్క మాట అడుగుతారు. తల్లిదండ్రులు సెలక్షన్ పోతుందని ఏడుస్తారు. ఆటగాడే నొప్పి దాచిపెడతాడు. తిరిగి ఆడటమన్నది ఒక్కరోజులో తేలే అవును-కాదు కాదని, సాధనలో పాల్గొనడం, ఆటలోకి రావడం, పాత స్థాయికి చేరడం అనే దశలుగా చూడాలని 2016లో అంతర్జాతీయ నిపుణులు ఒక ఉమ్మడి ప్రకటనలో రాశారు. నిర్ణయం డాక్టర్, ఫిజియో, కోచ్, ఆటగాడు కలిసి తీసుకోవాలి. కానీ ప్రమాదం ఉందని స్పష్టంగా, రాతపూర్వకంగా చెప్పాల్సిన బాధ్యత మనది. ఉద్యోగం పోతుందన్న టెన్షన్‌లో మాట మార్చితే ఆటగాళ్లు మనల్ని మళ్లీ నమ్మరు. అలాగే ఆటగాడు మనతో చెప్పుకున్న విషయాలు వారి అనుమతి లేకుండా బయటికి పోకూడదు.

పెద్ద జట్లలో ఉద్యోగాలు చాలా తక్కువ. ప్రయాణాలు ఎక్కువ, సెలవురోజులు లేనట్టే. మనలో అత్యధికులం క్లినిక్‌లలోనే పనిచేస్తాం. వచ్చేవాళ్లు స్కూలు పిల్లలు, డాన్సర్లు, నలభై దాటాక పరుగు మొదలుపెట్టినవాళ్లు. వాళ్ల మోకాలి విలువ ఒలింపిక్ ఆటగాడి మోకాలి కంటే తక్కువ కాదు. అది మనస్ఫూర్తిగా అనిపించనివాళ్లు ఈ వృత్తిలో సంతోషంగా ఉండలేరు.

డిగ్రీలో చేరే ముందు మీరు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. దగ్గర్లోని ఆసుపత్రి ఫిజియోథెరపీ విభాగంలో అనుమతి తీసుకుని కొన్నాళ్లు కూర్చోండి, స్పోర్ట్స్ క్లినిక్‌లో కంటే ముందు అక్కడే. వీలైతే ఒకే పేషెంటును మొదటిరోజు నుంచి చివరిదాకా గమనించండి. మధ్యలో విసుగు వచ్చే వారాలను కూడా వదలొద్దు. మీరు కూడా బరువులు ఎత్తడం సరిగా నేర్చుకోండి. స్క్వాట్, డెడ్‌లిఫ్ట్ తన ఒంటితో తెలియని ఫిజియో ఇంకొకరికి భారం పెంచడంలో ఎప్పుడూ జంకుతారు, తేలికపాటి రబ్బరు బ్యాండ్ల దగ్గరే ఆగిపోతారు. ప్రాథమిక చికిత్స, సీపీఆర్ కోర్సు ఇప్పుడే చేసేయండి, దానికి ఏ డిగ్రీ అక్కర్లేదు. కాలేజీ ఎంచుకునేటప్పుడు "స్పోర్ట్స్" అన్న పేరు చూసి మోసపోకుండా, లైసెన్స్‌కు ఆ డిగ్రీ చెల్లుతుందా, క్లినికల్ పోస్టింగులు ఎన్ని గంటలు, ఏ వార్డుల్లో, ఎవరి పర్యవేక్షణలో అని అడగండి. పేషెంట్లను మీ చేతులతో చూడనిస్తారా, దూరం నుంచి చూడటమేనా అన్నది అక్కడ చదువుతున్న చివరి సంవత్సరం విద్యార్థులను అడిగితే నిజం చెబుతారు.